మా గదిలో రుద్రదేవ మహారాజు

కువైట్‌లో జూన్ ఒకటి నుంచి ఆగస్టు నెలాఖరు దాకా పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో పని చేయించకూడదని రూలు ఉంది. ఆ ఐదు గంటలూ సైటు మీద సుత్తి చప్పుడు కూడా వినపడదు. కొందరు కునుకు తీస్తారు, కొందరు ఇంటికి ఫోన్లు చేసుకుంటారు. మేము మాత్రం ఒక ఎండాకాలమంతా అడివి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి' చదువుకున్నాం. మేమంటే ఫర్వానియాలో ఒకే గదిలో ఉండే నలుగురం. ముగ్గురం కడప, రాయచోటి వైపు వాళ్లం. నాలుగో ఆయన వరంగల్ అన్న. పుస్తకం ఆయనదే. సెలవు నుంచి వస్తూ ఆవకాయ డబ్బాల సందున పెట్టుకొచ్చాడు. నూనె మరకలు పడి కొన్ని పేజీల్లో ఇటు అక్షరాలు అటు కనపడుతున్నాయి. అయినా చదవడానికి ఏమీ అడ్డం రాలేదు.

ఒకరు పైకి చదవడం, ముగ్గురు వినడం. పెళ్లి జరగాల్సిన పెళ్లికొడుకునే గన్నారెడ్డి ఎత్తుకుపోతాడు. పైకి చూస్తే గజదొంగ, లోపల కాకతీయ సింహాసనానికి నమ్మినబంటు. అక్కడ ఓరుగల్లులో చూస్తే యువరాజు రుద్రదేవుడు గుర్రమెక్కి తిరుగుతుంటాడు. ఆ యువరాజు నిజానికి యువరాణి. మగపిల్లాడి బట్టల్లో పెరిగిన ఆడపిల్ల. నిడదవోలు నుంచి చాళుక్య వీరభద్రుడు వస్తాడు, మనసు పారేసుకుంటాడు. గుట్టు ఎప్పుడు బయటపడుతుందా అని మాకు ఒకటే ఆత్రం. తీరా అసలు ఘట్టం దగ్గరికి వచ్చేసరికి నాలుగయ్యేది. హెల్మెట్లు పెట్టుకుని లేవాల్సి వచ్చేది. ఆ సాయంత్రం షట్టరింగు దగ్గర నిలబడినా బుర్రలో వీరభద్రుడే.

బాపిరాజు గారు 1895లో భీమవరంలో పుట్టి 1952లో పోయారు. నవలలు రాయడంతో పాటు బొమ్మలు వేసినవారు. అందుకేనేమో ఆయన కథలో మనిషి కంటే ముందు రంగు కనపడుతుంది. ఎవరు ఏ పట్టు కట్టారో, ఏ నగ పెట్టారో అన్నీ చెబుతారు. మాలాంటి వాళ్లకి ఆ వర్ణనలు కొన్నిచోట్ల ఎక్కువే అనిపించాయి. రెండు పేజీలు దాటేయమని మాలో ఒకడు గొడవ చేసేవాడు. వరంగల్ అన్న ఒప్పుకునేవాడు కాదు.

మా ఆఫీసులో డ్రాయింగుల ఫైళ్లు చూసే కేరళ ఆవిడ ఉంది. మేము చదువుతున్న కథ ఏమిటని అడిగి, విని, నవ్వింది. ఇంగ్లీషులో ఇలాంటి నవలలు బోలెడు ఉన్నాయట. 1811 నుంచి 1820 వరకు ఇంగ్లండులో రాజుకు మతిస్థిమితం లేక కొడుకు రాజప్రతినిధిగా ఏలిన కాలాన్ని రీజెన్సీ అంటారు. ఆ కాలం మీద సరదా ప్రేమకథలు రాసి పేరు తెచ్చుకున్నావిడ జార్జెట్ హేయర్. 1940లో ఆవిడ రాసిన 'ది కొరింథియన్' అనే నవలలో ఇష్టంలేని పెళ్లి తప్పించుకోవడానికి ఒక అమ్మాయి మగపిల్లాడి వేషం వేసుకుని రాత్రిపూట కిటికీలోంచి దిగుతుంది. కింద ఒక పెద్దమనిషి దొరుకుతాడు. అక్కడ మొదలవుతుంది కథ. అంతకు మూడు వందల ఏళ్ల ముందే షేక్‌స్పియర్ తన నాటకాల్లో అమ్మాయిలకు అబ్బాయిల వేషం కట్టించాడు. ఊరేదైనా ఈ కథ ఒకే దారిలో పోతుంది. వేషం ఉన్నంతసేపు నవ్వులు, అనుమానాలు. చివర్లో వేషం తీసేయడం, పెళ్లి, శుభం కార్డు.

నవల అయిపోయిన రోజున వరంగల్ అన్న ఒక మాట అన్నాడు. అసలు రుద్రమ జీవితంలో వేషం తీసే సీను లేదని. మాకు నమ్మబుద్ధి కాలేదు. 2015లో వచ్చిన 'రుద్రమదేవి' సినిమా కూడా చూసినవాళ్లమే కదా. అప్పటినుంచి ఫోన్లో దొరికిన పుస్తకాలు, సెలవుల్లో తెచ్చుకున్న పుస్తకాలు తిరగేస్తూ వచ్చాం. అందులో ముఖ్యమైనవి శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి రచనలు. వాటి వల్ల మాకు అర్థమైన రుద్రమ కథ ఇది.

రుద్రమ తండ్రి గణపతిదేవుడు. కుర్రతనంలో దేవగిరి యాదవుల చెరలో ఉండి, 1199లో ఓరుగల్లు సింహాసనం ఎక్కాడు. ఆయన లేని సమయంలో రాజ్యం చెదిరిపోకుండా కాచిన సేనాని రేచర్ల రుద్రుడు. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిన పాలంపేట రామప్ప గుడిని 1213లో కట్టించింది ఆయనే. గణపతిదేవుడు అరవై ఏళ్లకు పైగా ఏలాడు. తెలుగు మాట్లాడే నేలలో చాలా భాగం ఒక్క గొడుగు కిందికి తెచ్చాడు. సముద్రం దాకా వెళ్లాడు. 1244లో మోటుపల్లి రేవులో ఆయన వేయించిన శాసనం మా గల్ఫ్ వాళ్లకు ప్రత్యేకం చదవాల్సినది. అంతకు ముందు గాలివానకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా అక్కడి రాజులు లాక్కునేవారట. ఇక మీదట సరుకు వర్తకుడిదేనని, ముప్ఫయ్యో వంతు సుంకం కడితే చాలని ఆయన అభయం ఇచ్చాడు. కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, పట్టు, మిరియాలు ఆ జాబితాలో కనిపిస్తాయి. కష్టపడి సంపాదించిన సొమ్ముతో పరాయి ఒడ్డున దిగినవాడికి అలాంటి అభయం విలువేమిటో మాకు వేరే చెప్పక్కరలేదు.

గణపతిదేవుడికి కొడుకు వారసుడు లేడు. కూతుళ్లలో ఇద్దరి సంగతి శాసనాల వల్ల బాగా తెలుస్తుంది. గణపాంబను ధరణికోట నేలే కోట వంశపు బేతరాజుకు ఇచ్చారు. భర్త పోయాక ఆమే ఆ సీమను ఏలింది, ఆయన పేర గుడి కట్టించింది. అంటే ఆడమనిషి ఆడపేరుతోనే పాలించడం ఆ ఇంట్లో వింత కాదన్నమాట. అయితే అది సామంత రాజ్యం. ఓరుగల్లు గద్దె సంగతి వేరు. దాని కింద డజన్ల కొద్దీ సామంతులు, సేనానులు. వాళ్లందరూ వంగి దండం పెట్టాల్సిన మనిషి మహారాజు అయి ఉండాలి. అందుకని గణపతిదేవుడు రుద్రమను కొడుకుగా ఎంచుకున్నాడు, రుద్రదేవుడని పేరు పెట్టాడు. 1259 ప్రాంతం నుంచి తండ్రితో పాటు పాలనలో కనిపిస్తుంది. 1262 తర్వాత భారమంతా ఆమెదే. శాసనాలు చెక్కినవాళ్లు చాలాచోట్ల ఆమెను రుద్రదేవ మహారాజు అనే రాశారు. మగవేషంలోనే సభకు వచ్చేదని సంప్రదాయం చెబుతుంది.

ఇక్కడే మేము నవలను పక్కన పెట్టాల్సి వచ్చింది. నవలలో అది గుట్టు. చరిత్రలో గుట్టేమీ లేదు. ఆమెకు పెళ్లయింది, భర్త చాళుక్య వీరభద్రుడు. ముగ్గురు కూతుళ్లు. ముమ్మడమ్మ, రుయ్యమ్మ, ఇంకొక రుద్రమ. ముగ్గురు బిడ్డల తల్లి ఆడమనిషని ఓరుగల్లులో ఎవరికి తెలియదు? అందరికీ తెలిసే ఆ మగపేరు నడిచింది. ఇరవై ఏడేళ్ల పాలన పొడుగునా నడిచింది. భర్త రాజు కాలేదు. రాజు ఆమే.

దీనికి మా సైటు మీద ఒక పోలిక దొరికింది. రెండేళ్ల కిందట మా ప్రాజెక్టుకు ఒక ఆడ ఇంజినీరు వచ్చింది. హెల్మెట్, కళ్లద్దాలు, రిఫ్లెక్టివ్ జాకెట్, ఇనుప ముక్కు బూట్లు. పైనుంచి చూస్తే మేమంతా ఒక్కలాగే ఉంటాం. మొదటి రోజు నుంచే మేస్త్రీలు, హెల్పర్లు ఆమెను సార్ అని పిలిచారు. ఎగతాళికి కాదు, అలవాటు కొద్దీ. కాంక్రీటు పోయడానికి సంతకం పెట్టే మనిషి ఎవరైనా మా నోటికి సారే. మేడం అనండ్రా అని మేము రెండు మూడుసార్లు సరిదిద్దాం. కానీ స్లాబు కింద ప్రాపులు సరిగా లేవని ఆమె పోత ఆపించిన రోజున, అటునుంచి వచ్చిన మేస్త్రీ సార్ ఒప్పుకోవడం లేదు సార్ అని మాతో చెప్పాడు. అందులో ఏ సార్ ఎవరో మాకు అర్థమైంది, అతనికీ అర్థమైంది. ఆ రోజున మేము రుద్రదేవ మహారాజు శాసనాలు గుర్తు చేసుకుని నవ్వుకున్నాం. బట్టలూ బిరుదూ ఆ కుర్చీవి. కూర్చున్న మనిషివి కావు.

అలాగని అందరూ సులువుగా ఒప్పుకున్నారని కాదు. గణపతిదేవుడి ముసలితనంలోనే పాండ్యులు పైకి వచ్చారు. 1263లో నెల్లూరు దగ్గర ముత్తుకూరులో కాకతీయ సైన్యం ఓడిపోయింది. అంటే రుద్రమ చేతికి వచ్చింది నిండు రాజ్యం కాదు, అంచులు ఊడుతున్న రాజ్యం. హరిహరదేవుడు, మురారిదేవుడు అనే సవతి తమ్ముళ్లు ఆడదాని కింద ఉండలేమని తిరగబడ్డారని ప్రతాపచరిత్ర కథ చెబుతుంది. శాసనాల్లో దీనికి సాక్ష్యం లేదు కాబట్టి కథగానే తీసుకోవాలి. ఆ గొడవలో ఆమె పక్షాన నిలబడ్డ పద్మనాయక వీరుడు ప్రసాదిత్యుడని వాళ్ల వంశ చరిత్ర చెప్పుకుంటుంది. పెద్ద పెద్ద వంశాల వాళ్లను మాత్రమే నమ్ముకోకుండా, కత్తి పట్టగల మామూలు కుటుంబాల వాళ్లను నాయకులుగా పైకి తెచ్చి, ఊళ్లు అప్పగించి, సైన్యం నిలబెట్టుకోవడం ఆమె కాలంలో బలపడింది. తర్వాత మనవడి కాలంలో అదే నాయంకర పద్ధతిగా స్థిరపడింది.

దేవగిరి యాదవ మహాదేవుడితో జరిగిన యుద్ధం గురించి రెండు రకాలుగా చెబుతారు. మన ప్రతాపచరిత్ర ప్రకారం అతను ఓరుగల్లు మీదికి వస్తే రుద్రమ తరిమి తరిమి దేవగిరి దాకా వెళ్లి, సొమ్ము, గుర్రాలు కక్కించింది. యాదవుల మంత్రి హేమాద్రి రాసినది ఇంకోలా ఉంటుంది. మహాదేవుడే గెలిచాడట, ఆడది కాబట్టి చంపకుండా వదిలేశాడట. ఎవరి పత్రిక వాళ్లు రాసుకున్నట్టే ఉంది. మా వరంగల్ అన్నకు హేమాద్రి పేరెత్తితే కోపం వస్తుంది. కానీ అన్నా, ఆలోచించు, ఆ అబద్ధంలోనే మనకు కావలసిన నిజం ఉంది అని మేము చెప్పాం. శత్రువుకు కూడా ఆమె ఆడమనిషని తెలుసు. ఇంక గుట్టెక్కడిది? పైగా బీదరు కోటలో ఆమె కింది సేనాని భైరవుడి శాసనం దొరికింది. ఓడి ప్రాణభిక్షతో బయటపడ్డ రాణి అయితే అంత దూరాన ఆమె సేనాని శాసనం ఎలా వేస్తాడు?

ఆమె బిరుదు రాయగజకేసరి. శత్రురాజులనే ఏనుగులకు సింహం అని అర్థం. ఓరుగల్లు కోటలో స్వయంభూ గుడి మండపానికి చెందిన ఒక శిల్పం ఉంది. సింహం మీద కూర్చున్న యోధురాలు, చేతుల్లో కత్తి, డాలు. అది రుద్రమ రూపమేనని పండితులు చెబుతారు. మీరు గమనించండి, పేరు మహారాజు అని ఉన్నా శిల్పి మాత్రం ఆడమనిషినే చెక్కాడు.

కోట గురించి రెండు మాటలు ఎక్కువ చెబుతాం, మా వృత్తి అలాంటిది. ఓరుగల్లుకు లోపల రాతికోట, బయట మట్టికోట. రాతిగోడ పని గణపతిదేవుడు సాగించాడు, రుద్రమ దాని ఎత్తు ఇరవై అడుగులకు పైగా పెంచింది. పెద్ద పెద్ద నల్లరాతి దిమ్మెలను సున్నం లేకుండా ఒకదానిలో ఒకటి పట్టేట్టు కూర్చారు. వెనక మట్టి పోసి మెట్లు కట్టారు, సైనికుడు ఎక్కడినుంచైనా గోడమీదికి పరిగెత్తగలడు. బయటి మట్టికోట చుట్టూ సుమారు 150 అడుగుల వెడల్పు అగడ్త. మట్టిగోడ అంటే మనకు లోకువ. 1310లో మాలిక్ కాఫూర్ ముట్టడి గురించి రాసిన అమీర్ ఖుస్రో మాత్రం ఆ మట్టిగోడను చూసి ఆశ్చర్యపోయాడు. యంత్రాలతో విసిరిన రాళ్లు దానికి తగిలి పిల్లలాడే బంతుల్లా వెనక్కి వచ్చేవని అర్థం వచ్చేలా రాశాడు. మట్టిని పొరలు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టకపోతే అలా రాదు. ఇక్కడ రోలరు తిప్పి, ప్రతి పొరకూ కాంపాక్షన్ టెస్టు చేయించి, 95 శాతం రాలేదని కన్సల్టెంటు వెనక్కి పంపితే మళ్లీ తవ్వే మాకు ఆ పని చేయించినవాళ్ల మీద గౌరవం పుట్టింది.

గన్నారెడ్డి కూడా ఊహలో పుట్టినవాడు కాదు. గోన వంశం వర్ధమానపురం నేలింది. 1294లో, రుద్రమ పోయాక, ప్రతాపరుద్రుడి కాలంలో గోన గన్నయ తరఫున విఠలుడు ఆదవాని, తుంబళం కోటలు పట్టి రాయచూరులో రాతికోట కట్టాడు. ఆ సంగతి చెప్పే శాసనం చెక్కిన రాయి పొడవు 41 అడుగుల పైచిలుకు. ఒకే రాయి. దాన్ని బండి మీద పెట్టి పశువుల బారు లాగుతున్నట్టు బొమ్మ కూడా అక్కడే గోడ మీద చెక్కారు. క్రేను లేదు, లిఫ్టింగ్ ప్లాను లేదు. బాపిరాజు గారు పెళ్లికొడుకును ఎత్తుకుపోయిన సీను ఎంత బాగా రాసినా, ఈ రాయిని ఎత్తుకొచ్చిన సీను రాసి ఉంటే మేము ఇంకో నెల చదివేవాళ్లం.

కత్తి, కోటలే కాదు. 1261 నాటి మల్కాపురం శాసనం చూడండి. శైవ గురువు విశ్వేశ్వర శంభువుకు గణపతిదేవుడు మందడం గ్రామాన్ని, రుద్రమ వెలగపూడిని ఇచ్చారు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడే అది. ఆ దానంతో గుడి, మఠం, విద్యార్థులకు చదువు, అన్నసత్రంతో పాటు ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడిచాయి. ప్రసూతిశాల అన్న మాట దగ్గర మేము ఆగిపోయాం. మా నలుగురిలో ముగ్గురి బిడ్డలు మేము ఇక్కడ ఉండగానే అక్కడ పుట్టారు. కాన్పు కోసం ఒక ఇల్లు కావాలని 760 ఏళ్ల కిందట ఎవరో అనుకుని, దానికి ఊరి ఆదాయం రాసిచ్చి, రాతి మీద చెక్కించారు. ఆ ఆలోచన రుద్రమదా గురువుదా అని వాదించుకోవచ్చు. ఊరు మాత్రం ఆమె ఇచ్చిందే.

విదేశీయుల్లో ఆమెను గురించి రాసినవాడు వెనీసు యాత్రికుడు మార్కో పోలో. మోటుపల్లిని అతను ముట్ఫిలి అన్నాడు. అక్కడి రాణి న్యాయంగా నలభై ఏళ్లు ఏలిందని, ప్రజలకు ఆమె అంటే ప్రాణమని మెచ్చుకున్నాడు. సాలెగూడు అంత సన్నని బట్టలు అక్కడ నేస్తారన్నాడు. వజ్రాల లోయలోకి మాంసం ముక్కలు విసిరితే గద్దలు వజ్రాలతో సహా ఎత్తుకొస్తాయని కూడా రాశాడు. ఇలాంటి కబుర్లు మా క్యాంపులో కూడా దొరుకుతాయి లెండి. ఒక తప్పు మాత్రం గట్టిగా చేశాడు. ఆమెను చనిపోయిన రాజు భార్య అన్నాడు. మన ప్రతాపచరిత్ర కూడా ఆమెను గణపతిదేవుడి భార్యగానే చెప్పింది. రాజ్యం ఆడమనిషి చేతికి వచ్చిందంటే భర్త నుంచే వచ్చి ఉంటుందని ఇద్దరూ అనుకున్నట్టున్నారు. తండ్రి కూతురికి ఇచ్చాడని తేల్చింది శాసనాలే.

ఇక మా గదిలో పెద్ద గొడవ తెచ్చిన సంగతి. రుద్రమ చివరి శత్రువు పాండ్యుడు కాదు, యాదవుడు కాదు. కాయస్థ అంబదేవుడు. అతని రాజధాని వల్లూరు. మా కడప పక్కన వల్లూరే. కాయస్థులు గుర్రాల దండుతో పేరు తెచ్చుకున్నవాళ్లు. గంగయ సాహిణి అనే ఆయన గణపతిదేవుడి దగ్గర పెద్ద సేనాని. తర్వాత జన్నిగదేవుడు, త్రిపురారి. వాళ్లంతా కాకతీయులకు విధేయులే. ఆ రోజుల్లో మేలు గుర్రాలు ఈ గల్ఫ్ రేవుల నుంచే ఓడలెక్కి దక్షిణాదికి వచ్చేవి. కువైట్ అనే ఊరు అప్పటికి లేదు గానీ, కిష్, హొర్ముజ్ రేవుల నుంచి వేల గుర్రాలు వెళ్లేవి. అంబదేవుడు 1272 ప్రాంతంలో పెత్తనానికి వచ్చి కొన్నేళ్లకు సొంత జెండా ఎత్తాడు. చుట్టుపక్కల కాకతీయ నాయకులను ఒక్కొక్కరినే ఓడించాడు. పాండ్యులతో, యాదవులతో స్నేహం కలుపుకున్నాడు.

ఇది తెలిసిన రోజు వరంగల్ అన్న మాతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. మీ కడపోళ్లు ముసలావిడ మీదికి వచ్చారు కదా అని దెప్పాడు. మేము ఊరుకుంటామా? మీ ఓరుగల్లు పన్నులు కట్టీ కట్టీ మావాళ్లు విసిగిపోయి ఉంటారని మాలో ఒకడు అన్నాడు. నిజానికి మా ముగ్గురికీ లోపల ఇబ్బందిగానే ఉంది. నవల చదువుతున్నంతకాలం మేము గన్నారెడ్డి పక్షం. అసలు చరిత్రలో మా ఊరి దొర అటుపక్క నిలబడ్డాడు. రాత్రి అన్నం దగ్గర మా రాయచోటి అబ్బాయి తన వాటా చేపముక్క ఆయన ప్లేటులో వేశాడు. సంధి అలా జరిగింది.

రుద్రమ అప్పటికి పెద్దామె. పెద్దకూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ని దత్తు తీసుకుని రాజ్యానికి సిద్ధం చేసింది. కావాలంటే కోటలో కూర్చుని సేనానులను పంపి ఉండవచ్చు. సేనాని మల్లికార్జున నాయకుడితో కలిసి దండు వెంట ఆమే వెళ్లిందని చరిత్రకారుల మాట. తర్వాత ఏం జరిగిందనేది చాలాకాలం పుస్తకాల్లో తప్పుగా ఉంది. ఆమె 1295, 96 దాకా ఏలిందని రాసేవారు. చందుపట్ల శాసనం వెలుగులోకి వచ్చి ఆ లెక్క మార్చింది.

చందుపట్ల నల్గొండ జిల్లాలో నకిరేకల్ దగ్గర ఊరు. అక్కడి శాసనం తేదీ 1289 నవంబరు 27. రుద్రమదేవి, మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ల పుణ్యం కోసం సోమనాథ దేవుడికి భూమి ఇస్తున్నామని అందులో ఉంది. యుద్ధం అన్న మాట అందులో లేదు. కానీ రాజూ సేనానీ ఒకేసారి పోవడం, మరుసటి ఏడాది 1290లో త్రిపురాంతకం శాసనంలో అంబదేవుడు మల్లికార్జునుణ్ని సర్వనాశనం చేశానని గొప్ప చెప్పుకోవడం కలిపి చూసి, ఇద్దరూ అంబదేవుడితో పోరులోనే పోయారని పండితులు నిర్ణయించారు. అంబదేవుడు ఆ గొప్పల్లో రుద్రమ పేరు ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో వాళ్లు రకరకాలుగా అంటారు. ముసలి రాణిని చంపానని చెప్పుకోవడం సిగ్గు అనిపించి ఉంటుందని మేము అనుకున్నాం. మా ఊరివాడు కదా, అంత మాత్రం మంచితనం అతనికి మిగల్చాలని మా ఆశ.

ఆ శాసనం వేయించింది మంత్రి కాదు, సామంతుడు కాదు, మనవడు కూడా కాదు. మల్లికార్జున నాయకుడి దగ్గర కొలువు చేసిన పువ్వుల ముమ్మడి అనే సేవకుడు. యజమానులు పోయారు, దండు చెదిరింది. అలాంటి సమయంలో తనకున్న భూమిలోంచి ఇంత దేవుడికి ఇచ్చి, వాళ్ల పేర్లు రాతి మీద చెక్కించాడు. ఆ రాయి లేకపోతే రుద్రమ ఏ ఏడు పోయిందో ఇవాళ్టికీ తప్పుగానే చదువుకునేవాళ్లం.

వరంగల్ అన్నకు ఈ డిసెంబరులో సెలవు దొరికింది. హైదరాబాదులో దిగి నేరుగా ఇంటికి పోకుండా నకిరేకల్ మీదుగా వెళ్తానన్నాడు. చందుపట్లలో ఆ రాయి ఫోటో తీసి పంపమన్నాం. ఆ పాత లిపి మాకు చదవడం రాదు. అందుకని అక్కడ తెలిసినవాళ్లను ఎవరినైనా అడిగి, పువ్వుల ముమ్మడి పేరు ఏ వరసలో ఉందో వేలు పెట్టి చూపిస్తూ ఫోటో తీయమన్నాం. మా కడప వాళ్లలో ఎవరికి ముందు సెలవు వస్తే వాళ్లు వల్లూరు వెళ్లి రావాలని కూడా ఆయన షరతు పెట్టాడు. పుస్తకం మాత్రం ఇక్కడే వదిలి వెళ్తున్నాడు. పక్కగదిలో గుంటూరు కుర్రాళ్లు అడుగుతున్నారు.